వెండితెర అస్త్రాలు – వాస్తవ యుద్ధాలు

పాఠ్యభాగ పరిచయం

విజ్ఞానశాస్త్రం సాధించిన విషయాలను ఆధారం చేసుకొని, ఇంకా సాధించవలసిన వాటిని ఊహించి చెప్పే రచనను విజ్ఞానకల్పన అంటారు. ఈ ప్రక్రియ కథగా, నవలగా పుట్టి చలనచిత్రంగా విస్తరించింది. రాబోయే యుద్ధాలు ఎలా ఉంటాయన్నది ఈ చిత్రాలకు మొదటినుంచీ ఇష్టమైన వస్తువు. ఆ ఊహల్లో ఏవి నిజమయ్యాయి, ఏవి కాలేదు, ఏ ప్రశ్న నేటికీ మిగిలి ఉన్నది అనే విషయాలను ప్రస్తుత పాఠ్యాంశం వివరిస్తుంది.

పాఠ్యభాగం

కురుక్షేత్ర సంగ్రామం ముగిసింది. దుర్యోధనుడు తొడలు విరిగి నేలకొరిగాడు. ఆ రాత్రి అశ్వత్థామ పాండవ శిబిరంలో ప్రవేశించి, నిద్రిస్తున్న ఉపపాండవులను సంహరించాడు. భీముడు, కృష్ణార్జునులు వెంబడించగా, తప్పించుకొనే దారి లేక ఒక గడ్డిపరకను అభిమంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగించాడు. దానికి ప్రతిగా అర్జునుడు కూడా అదే అస్త్రాన్ని సంధించాడు. రెండు అస్త్రాలూ లోకాలను దహించబోతున్న వేళ వ్యాస నారదులు వాటి నడుమ నిలిచి, ఉపసంహరించుకొమ్మని ఇద్దరినీ ఆదేశించారు. అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కు తీసుకున్నాడు. అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. అతనికి ప్రయోగం తెలుసు, ఉపసంహారం తెలియదు. ఆ అస్త్రం చివరకు ఉత్తర గర్భంలోని శిశువు మీద పడింది.

మహాభారతం సౌప్తికపర్వంలోని ఈ ఘట్టంలో ఇద్దరు వీరుల చేతిలో ఉన్నది ఒకే ఆయుధం. భేదం ఆయుధంలో లేదు, దానిని పట్టిన వానిలో ఉంది. కనుక ఏ మహాస్త్రాన్ని గురించి ఆలోచించినా రెండు ప్రశ్నలు పుడతాయి. ఆ ఆయుధం ఏమి చేయగలదు? అది ఎవరి అదుపులో ఉంటుంది? ఇరవయ్యవ శతాబ్దంలో పుట్టిన విజ్ఞానకల్పిత చలనచిత్రాలు ఈ రెండు ప్రశ్నలకూ సమాధానాలు ఊహించాయి. మొదటి ప్రశ్న విషయంలో అవి పలుమార్లు పొరబడ్డాయి. రెండవ ప్రశ్నను మాత్రం ప్రభుత్వాలకన్నా ముందే గుర్తించాయి.

నవల నుంచి అణుబాంబు వరకు

విజ్ఞానకల్పనలో యుద్ధాన్ని ప్రధాన వస్తువుగా నిలిపిన తొలితరం రచయితలలో ఇంగ్లండుకు చెందిన హెచ్.జి. వెల్స్ ముఖ్యుడు. 1898లో పుస్తకంగా వెలువడిన ఆయన నవల ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’లో అంగారక గ్రహవాసులు కంటికి కనిపించని వేడి కిరణంతో మనుషులను భస్మం చేస్తారు. 1914లో వచ్చిన ‘ది వరల్డ్ సెట్ ఫ్రీ’ నవలలో విమానాల నుంచి అణుబాంబులు జారవిడుస్తారు. అణుకేంద్రకాన్ని ఛేదించే మార్గం ఆనాటికి ఎవరికీ తెలియదు. న్యూట్రాన్‌ను కనుగొన్నదే 1932లో.

అదే 1932లో హంగేరీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ ఈ రెండవ నవలను చదివాడు. మరుసటి సంవత్సరం లండన్ నగరంలో ఉండగా, ఒక న్యూట్రాన్ ఒక పరమాణువును ఛేదించి రెండు న్యూట్రాన్లను వెలువరిస్తే ఆ చర్య గొలుసులా సాగుతుందన్న సూత్రం ఆయనకు స్ఫురించింది. దాని పర్యవసానం ఏమిటో నవల ఆయనకు ముందే చెప్పింది. అందుకే తన పేటెంటును రహస్యంగా ఉంచవలసిందిగా బ్రిటిష్ నౌకాదళానికి అప్పగించాడు. హిట్లర్ చేతికి ఈ బాంబు ముందుగా చిక్కుతుందన్న భయంతో 1939లో అమెరికా అధ్యక్షుడికి ఐన్‌స్టీన్ సంతకంతో వెళ్ళిన లేఖను రూపొందించినవారిలో సిలార్డ్ ఒకడు. 1945 జూలైలో, జర్మనీ ఓడిపోయిన తరువాత, జపాను నగరాలపై బాంబు వేయడం గురించి పునరాలోచించమని కోరుతూ డెబ్భైమంది శాస్త్రవేత్తలు సంతకాలు చేసిన అర్జీని సిద్ధం చేసింది కూడా ఆయనే. అర్జీ నిష్ఫలమైంది. ఆగస్టు 6న హిరోషిమా దగ్ధమైంది. ప్రయోగానికి దారి చూపినవాడే ఉపసంహారానికి ప్రయత్నించి విఫలుడైన ఉదంతమిది.

చలనచిత్రం ఇంకా మాటలు నేరుస్తున్న రోజుల్లోనే ఇటువంటి మరొక ఉదాహరణ కనిపిస్తుంది. 1929లో జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ ‘ఫ్రావ్ ఇమ్ మోంట్’ అనే మూకీ చిత్రంలో చంద్రునిపైకి వెళ్ళే రాకెట్‌ను చూపించాడు. దానికి శాస్త్రీయ సలహాదారు రాకెట్ విజ్ఞానంలో మార్గదర్శకుడైన హెర్మాన్ ఓబెర్ట్. రాకెట్ లేచే ముందు అంకెలను వెనక్కు లెక్కించే పద్ధతి ఈ చిత్రంతోనే ప్రసిద్ధమైంది. 1942 అక్టోబరు 3న జర్మన్ సైన్యం తొలిసారి విజయవంతంగా ప్రయోగించిన వి-2 రాకెట్ మీద ఈ చిత్రం గుర్తునే చిత్రించారు. తెరపై చంద్రునికి గురిపెట్టిన రాకెట్ 1944 సెప్టెంబరు నుంచి లండన్ నగరవాసుల ఇళ్ళపై పడింది. ఆ రాకెట్ల తయారీ కర్మాగారాలలో వేలాదిమంది బందీలు ప్రాణాలు కోల్పోయారు. ఆ సంగతిని ఏ విజ్ఞానకల్పనా ముందుగా ఊహించలేదు.

1936లో వెల్స్ రచన ఆధారంగా వచ్చిన ‘థింగ్స్ టు కమ్’ చిత్రంలో 1940 క్రిస్మస్ సమయంలో ఒక నగరంపై బాంబుల వర్షం కురుస్తుంది. నిజమైన 1940లో లండన్ నగరం నెలల తరబడి ఆ అనుభవాన్నే చవిచూసింది. సినిమా ఊహ ఇంత దగ్గరగా వాస్తవాన్ని తాకిన సందర్భాలు అరుదు.

కాంతి ఆయుధం

1960లో అమెరికా శాస్త్రవేత్త థియోడర్ మైమన్ తొలి లేజర్‌ను పనిచేయించాడు. ఆనాటి నుంచి వెండితెరపై తుపాకీ గుండ్లకు బదులు కాంతి కిరణాలు దూసుకుపోవడం పరిపాటి అయింది. 1977లో జార్జ్ లూకాస్ దర్శకత్వంలో విడుదలైన ‘స్టార్ వార్స్’ చిత్రం ఈ ఊహకు పరాకాష్ఠ. అందులో వీరులు కాంతి ఖడ్గాలతో తలపడతారు. అంతరిక్ష నౌకలు ఎర్రని, పచ్చని కిరణాలను సంధిస్తాయి. ఒక కృత్రిమ ఉపగ్రహం ఒకే కిరణంతో ఒక గ్రహాన్ని బద్దలు చేస్తుంది.

భౌతికశాస్త్రం దీనికి అంగీకరించదు. కాంతి సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది కనుక అది వస్తున్నదని చూసి తప్పుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. గాలిలో ధూళి, పొగ వంటివి లేకపోతే కిరణం పక్కనుంచి చూసేవారికి కనిపించదు. ఆయుధాలలో వాడే లేజర్లు చాలావరకు పరారుణ కాంతిని వెలువరిస్తాయి. దానిని మన కన్ను గ్రహించలేదు. శూన్యంలో శబ్దం ప్రయాణించదు కనుక అంతరిక్ష యుద్ధంలో చప్పుడు కూడా వినిపించదు. అన్నిటికన్నా ముఖ్యమైనది కాలం. తెరమీద కిరణం తాకగానే శత్రువు పేలిపోతాడు. నిజమైన లేజర్ లక్ష్యం మీద ఒకేచోట కొన్ని క్షణాలపాటు నిలిస్తేనే లోహం వేడెక్కి కరుగుతుంది. వాన, పొగమంచు, దుమ్ము ఆ శక్తిని హరిస్తాయి.

అయినా తెరపై పుట్టిన పేరు రాజకీయాలలోకి నడిచివచ్చింది. 1983 మార్చి 23న అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్, శత్రు క్షిపణులను మార్గమధ్యంలోనే ధ్వంసం చేసే రక్షణ వ్యవస్థను నిర్మించాలని టెలివిజన్ ప్రసంగంలో శాస్త్రవేత్తలకు పిలుపునిచ్చాడు. అంతరిక్షంలో లేజర్లను నిలపాలన్న ఆలోచన కూడా ఆ పథకంలో చేరింది. విమర్శకులు దానికి ‘స్టార్ వార్స్’ అని పేరు పెట్టారు. ఆ పేరు వాడకుండా చూడమని లూకాస్ సంస్థ న్యాయస్థానానికి వెళ్ళి 1985లో ఓడిపోయింది. సుమారు మూడువేల కోట్ల డాలర్లు ఖర్చయిన తరువాత 1993లో ఆ పథకం ముగిసింది. అంతరిక్షంలో ఒక్క లేజర్ ఆయుధం కూడా నిలవలేదు.

ఊహ భగ్నమైనంత మాత్రాన ప్రయత్నం ఆగలేదు. 2014లో అమెరికా నౌకాదళం ‘పాన్స్’ అనే నౌకపై ముప్ఫై కిలోవాట్ల తరగతికి చెందిన లేజర్‌ను నిలిపి పరీక్షించింది. 2025 ఏప్రిల్ 13న భారత రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ మన కర్నూలులోని ప్రయోగక్షేత్రంలో వాహనంపై అమర్చిన లేజర్ ఆయుధాన్ని ప్రదర్శించింది. దానిని రూపొందించడంలో ప్రధానపాత్ర హైదరాబాదులోని ‘చెస్’ ప్రయోగశాలది. ఆ పరీక్షలో లేజర్ కిరణం మానవరహిత విమానాన్ని, గుంపుగా వచ్చిన డ్రోన్లను నిర్వీర్యం చేసింది. గ్రహాలను బద్దలు చేస్తుందని తెర చూపిన కిరణం వాస్తవంలో చిన్న డ్రోను రెక్కను కాల్చే పనిముట్టుగా స్థిరపడింది. ఆ పని చిన్నదిగా తోచినా దాని అవసరం చిన్నది కాదు. ఖరీదైన క్షిపణితో చౌకైన డ్రోనును కూల్చడం ఏ దేశానికీ గిట్టుబాటు కాదు. లేజర్‌కు విద్యుత్తు ఉన్నంతవరకు తూటాల కొరత ఉండదు.

ఉక్కు కవచం

కవచకుండలాలతో పుట్టిన కర్ణుని కథ తెలిసినవారికి 2008లో వచ్చిన ‘ఐరన్ మ్యాన్’ చిత్రం వింతగా తోచదు. అందులో కథానాయకుడు తాను నిర్మించుకొన్న ఉక్కుకవచం ధరించి ఆకాశంలో ఎగురుతాడు, తూటాలను లక్ష్యపెట్టడు. ఇటువంటి కవచం కోసం వాస్తవంలోనూ యత్నాలు జరిగాయి. 1965లో అమెరికాలో ‘హార్డిమన్’ అనే యంత్రకవచం నిర్మాణం ఆరంభమైంది. దాని బరువు సుమారు 680 కిలోలు. 1971 వరకు శ్రమించినా ఒక చేతిభాగం మాత్రమే సరిగా పనిచేసింది. మొత్తం కవచాన్ని కదిలించబోతే అది అదుపు తప్పి విదిలించుకొనేది. అందువల్ల మనిషిని లోపల ఉంచి దానిని ఏనాడూ నడపలేదు. 2013లో అమెరికా ప్రత్యేక దళాలు ‘టాలోస్’ పేరుతో మరొక ప్రయత్నం మొదలుపెట్టి, 2019లో పూర్తి కవచం ఆలోచనను విరమించుకున్నాయి.

కారణం సులభంగానే బోధపడుతుంది. ఉక్కు బరువును మోటారు మోయాలి, మోటారుకు విద్యుత్తు కావాలి, విద్యుత్తును నిల్వచేసే బ్యాటరీకి మళ్ళీ బరువు ఉంటుంది. సినిమా కథానాయకుని ఛాతీలో అరచేతంత శక్తియంత్రం ఇమిడిపోతుంది. వాస్తవ ప్రపంచంలో అటువంటిది లేదు. ఆ ఒక్క పరికరాన్ని తీసివేస్తే కథానాయకుడు లేచి నిలబడలేడు.

చిన్నది, చౌకైనది, కనిపించనిది

చలనచిత్రానికి కన్నులపండువ కావాలి. అందువల్ల తెరపై ఆయుధాలు పెద్దవిగా, మెరిసేవిగా, తరచు మానవాకారంలో ఉంటాయి. 1984లో జేమ్స్ కామెరాన్ తీసిన ‘ది టెర్మినేటర్’లో ఉక్కు అస్థిపంజరాలు మనుషులను వేటాడతాయి. 2024లో తెలుగులో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ చిత్రం కోసం ‘బుజ్జి’ అనే ఆరు టన్నుల వాహనాన్ని నిజంగానే నిర్మించారు.

వాస్తవ యుద్ధరంగం దీనికి విరుద్ధమైన దిశలో నడిచింది. 1994లో తొలిసారి ఎగిరిన ‘ప్రిడేటర్’ అనే అమెరికా మానవరహిత విమానం మొదట నిఘాకు మాత్రమే ఉపయోగపడింది. 2001లో దానికి క్షిపణులు అమర్చి అఫ్ఘానిస్థాన్‌లో ప్రయోగించారు. 2016 అక్టోబరులో మూడు యుద్ధవిమానాల నుంచి 103 బుల్లి డ్రోన్లను వదలగా అవి పక్షుల గుంపులా పరస్పరం సర్దుకుంటూ ఎగిరాయి. 2022 ఫిబ్రవరిలో రష్యా దండెత్తిన తరువాత ఉక్రెయిన్ యుద్ధభూమిలో కొన్ని వందల డాలర్ల ఖరీదుచేసే చిన్న డ్రోన్లు కోట్ల రూపాయల ట్యాంకులను కాల్చివేశాయి. సైనికుడు కళ్ళకు ప్రత్యేకమైన అద్దాలు తగిలించుకొని, డ్రోను కెమెరా చూపే దృశ్యాన్ని చూస్తూ దానిని లక్ష్యం మీదికి నడుపుతాడు. రక్షణ కోసం ట్యాంకుల మీద ఇనుప పంజరాలు, రహదారుల మీద వలలు కట్టారు. చేపలను పట్టే వల అత్యాధునిక ఆయుధాన్ని ఆపుతుందని ఏ దర్శకుడూ ఊహించలేదు. 2025 జూన్ 1న ఉక్రెయిన్, లారీలలోని చెక్కగదులలో దాచిన 117 డ్రోన్లతో రష్యా లోతట్టు వైమానిక స్థావరాలపై దాడిచేసినట్లు ప్రకటించింది. వాటిలో ఒకటి ఉక్రెయిన్‌కు నాలుగువేల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంది.

ఇంకొక ఆయుధం అసలు కంటికే కనిపించదు. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో యురేనియాన్ని శుద్ధిచేసే యంత్రాలను పాడుచేసిన ‘స్టక్స్‌నెట్’ అనే కంప్యూటర్ వైరస్ 2010లో బయటపడింది. అది సుమారు వెయ్యి యంత్రాలను దెబ్బతీసి ఉంటుందని అంచనా. అక్కడ పేలుడు లేదు, పొగ లేదు. యంత్రాలు అపసవ్యంగా తిరుగుతున్నా అంతా సవ్యంగానే ఉన్నదని తెరలు చూపాయి. ఇటువంటి యుద్ధాన్ని వెండితెరకు ఎక్కించడం కష్టం.

యంత్రం తీర్పు, మనిషి తీర్పు

ఆయుధాల రూపురేఖల విషయంలో పొరబడిన సినిమా, వాటిపై అదుపు విషయంలో ఎంత ముందుచూపు ప్రదర్శించిందో 1983 సంవత్సరం తెలుపుతుంది. ఆ జూన్ నెలలో అమెరికాలో ‘వార్‌గేమ్స్’ అనే చిత్రం విడుదలైంది. కథ ప్రారంభంలో ఒక కసరత్తు జరుగుతుంది. అది కసరత్తని తెలియని సైనికాధికారులలో కొందరు అణుక్షిపణిని ప్రయోగించే తాళం తిప్పడానికి వెనుకాడతారు. మనుషులు నమ్మదగినవారు కారని తలచి, ఆ బాధ్యతను కంప్యూటర్‌కు అప్పగిస్తారు. ఒక విద్యార్థి ఆటలకోసం వెతుకుతూ తెలియక ఆ కంప్యూటర్‌లోకి చొరబడతాడు. యంత్రం ఆటకు, యుద్ధానికి భేదం తెలియక ప్రపంచాన్ని అణుయుద్ధం అంచుకు తీసుకుపోతుంది. చివరకు, గళ్ళలో ఇంటూలు, సున్నాలు పెట్టే ఆటను పదేపదే ఆడించగా, గెలుపు లేని ఆటలు కూడా ఉంటాయని అది గ్రహిస్తుంది.

విడుదలైన మరునాడే రీగన్ ఈ చిత్రాన్ని చూశాడు. కొద్దిరోజుల తరువాత జరిగిన సమావేశంలో, ఇటువంటిది నిజంగా జరగగలదా అని త్రివిధ దళాల అధిపతుల సంఘానికి అధ్యక్షుడైన జనరల్ వెస్సీని అడిగాడు. జనరల్ విచారించి, పరిస్థితి తాము అనుకున్నదానికన్నా విషమంగా ఉన్నదని నివేదించాడు. దాని ఫలితంగా 1984 సెప్టెంబరులో కంప్యూటర్ల భద్రత గురించి అధ్యక్షుని ఆదేశం వెలువడింది. ఒక వినోద చిత్రం ఒక దేశపు రక్షణ విధానాన్ని కదిలించిన సందర్భమిది.

ఆ చిత్రం విడుదలైన నాలుగు నెలలలోపే, 1983 సెప్టెంబరు 26 అర్ధరాత్రి దాటాక, మాస్కో సమీపంలోని హెచ్చరిక కేంద్రంలో గంటలు మోగాయి. అమెరికా నుంచి ఒక క్షిపణి బయలుదేరిందని, తరువాత మొత్తం అయిదు క్షిపణులు వస్తున్నాయని కంప్యూటర్ తెలిపింది. విధుల్లో ఉన్న అధికారి స్తానిస్లావ్ పెట్రోవ్. పైవారికి దాడి జరుగుతున్నదని చెప్పడమో, తప్పుడు హెచ్చరిక అని చెప్పడమో నిమిషాలలో తేల్చాలి. నిజంగా యుద్ధం ప్రారంభించదలచిన దేశం అయిదే క్షిపణులు వదులుతుందా అని ఆయన ఆలోచించాడు. తప్పుడు హెచ్చరిక అని నివేదించాడు. అదే నిజమైంది. ఎత్తైన మేఘాలపై పడి ప్రతిఫలించిన సూర్యకాంతిని ఉపగ్రహాలు క్షిపణి మంటలుగా పొరబడ్డాయి. ‘వార్‌గేమ్స్’ కథలో మనిషి తాళం తిప్పడానికి వెనుకాడటం లోపంగా లెక్కకు వచ్చింది. వాస్తవంలో ఆ వెనుకాడటమే ప్రపంచాన్ని కాపాడింది.

అయితే మనిషి ఉన్నంత మాత్రాన సరిపోతుందని చెప్పడానికి వీలులేదు. 1988 జూలై 3న హోర్ముజ్ జలసంధి ప్రాంతంలో ‘విన్సెన్స్’ అనే అమెరికా యుద్ధనౌక ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చివేసింది. 290 మంది మరణించారు. విమానం పైకి లేస్తున్నదని నౌకలోని కంప్యూటర్ వ్యవస్థ సరిగానే నమోదు చేసింది. ఆందోళనలో ఉన్న సిబ్బంది అది తమ మీదికి దిగుతున్న యుద్ధవిమానమని భావించారు. 2003 మార్చి 23న ఇరాక్ యుద్ధంలో అమెరికాకు చెందిన పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ, మిత్రదేశమైన బ్రిటన్ విమానాన్ని శత్రు క్షిపణిగా గుర్తించింది. సిబ్బంది యంత్రాన్ని నమ్మారు. ఇద్దరు వైమానికులు బలయ్యారు. ఒకచోట యంత్రం ఒప్పు, మనిషి తప్పు. మరొకచోట యంత్రం తప్పు, మనిషి దానిని ప్రశ్నించలేదు. కనుక మీట దగ్గర మనిషి కూర్చోవడం మాత్రమే చాలదు. అతనికి ఆలోచించే వ్యవధి, యంత్రం పరిమితుల గురించి జ్ఞానం, కాదనగల అధికారం ఉండాలి. పెట్రోవ్‌కు వ్యవధి అతి స్వల్పంగా ఉన్నా తక్కిన రెండూ ఉన్నాయి.

2010లో శంకర్ దర్శకత్వంలో వచ్చి తెలుగులో ‘రోబో’గా ప్రదర్శితమైన చిత్రంలోనూ ఇదే సమస్య కనిపిస్తుంది. సైన్యానికి ఉపకరించాలని శాస్త్రవేత్త నిర్మించిన చిట్టి, పరీక్ష జరుగుతుండగా మరొకరు ఆజ్ఞాపిస్తే తన సృష్టికర్త మీదికే కత్తి ఎత్తుతుంది. మంచిచెడ్డల విచక్షణ లేని యంత్రం యుద్ధానికి పనికిరాదని పరీక్షకులు తిరస్కరిస్తారు. అందులోని పాటలు, పోరాటాలు ప్రేక్షకులకు ఎక్కువగా గుర్తుండవచ్చు. కాని ఆ పరీక్షా సన్నివేశంలో లేవనెత్తిన ప్రశ్న నేడు అంతర్జాతీయ వేదికలపై చర్చనీయాంశమైంది.

ఉపసంహార విద్య

ఆయుధం పుట్టిన తరువాత దానిని కట్టడి చేయడం కష్టం. అసాధ్యం మాత్రం కాదు. మనిషి కళ్ళను శాశ్వతంగా పోగొట్టే ఉద్దేశంతో తయారుచేసే లేజర్ ఆయుధాలను 1995లో వియన్నాలో కుదిరిన ఒప్పందం నిషేధించింది. ఒక ఆయుధం యుద్ధరంగంలో విస్తరించక ముందే దానిని నిషేధించిన అరుదైన సందర్భమిది. మనిషి ప్రమేయం లేకుండా తానే లక్ష్యాన్ని ఎంచుకొని దాడిచేసే ఆయుధాల గురించి 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం ఒక తీర్మానం చేసింది. 152 దేశాలు దానిని సమర్థించాయి. భారతదేశంతో సహా నాలుగు దేశాలు వ్యతిరేకించాయి. ఈ చర్చకు ఇప్పటికే ఉన్న ఆయుధ నియంత్రణ ఒడంబడికే తగిన వేదిక అన్నది భారతదేశం వాదన. 2024 నవంబరులో పెరూ రాజధాని లీమాలో సమావేశమైన అమెరికా, చైనా అధ్యక్షులు, అణ్వాయుధ ప్రయోగ నిర్ణయం మనుషుల అదుపులోనే ఉండాలని అంగీకరించారు. ‘వార్‌గేమ్స్’ కథ అడిగిన ప్రశ్నకు ఇద్దరు దేశాధినేతలు బహిరంగంగా సమాధానం చెప్పడానికి నలభై ఒక్క సంవత్సరాలు పట్టింది. అది కూడా సంతకాలు చేసిన ఒప్పందం కాదు, మాట మాత్రమే.

1991లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ‘ఆదిత్య 369’ చిత్రంలో కాలయంత్రం ఎక్కినవారు మొదట శ్రీకృష్ణదేవరాయల కాలానికి, పిదప భవిష్యత్తుకు ప్రయాణిస్తారు. ఆ భవిష్యత్తులో ప్రపంచయుద్ధం మిగిల్చిన అణుధార్మికతకు భయపడి మనుషులు భూగర్భంలో తలదాచుకొని బతుకుతుంటారు. ‘కల్కి’ చిత్రంలో అశ్వత్థామ శాపగ్రస్తుడై వేల సంవత్సరాల తరువాత కూడా సంచరిస్తుంటాడు. ఉపసంహారం నేర్వని అస్త్రవిద్య ఎవరిని ఎక్కడికి చేరుస్తుందో ఈ రెండు చిత్రాలూ తమ తమ పద్ధతిలో చెబుతున్నాయి.

నేటి విద్యార్థులలో కొందరు రేపు ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు, సైనికాధికారులు అవుతారు. కర్నూలు ప్రయోగక్షేత్రంలోనో, హైదరాబాదు ప్రయోగశాలలోనో వారి చేతుల మీదుగా కొత్త ఆయుధం రూపుదిద్దుకోవచ్చు. అది ఎంత దూరం పోతుంది, ఎంత వేగంగా పోతుంది అని వారిని అడిగేవారు ఎందరో ఉంటారు. దానిని ఆపే మార్గం ఏది, ఆపగల అధికారం ఎవరిది అన్న ప్రశ్నను మాత్రం వారు తమకు తామే వేసుకోవాలి. అస్త్రాన్ని సంధించే ముందు అర్జునుడు నేర్చిన పాఠం అదే.

కఠిన పదాలు – అర్థాలు

ఉపసంహారం = ప్రయోగించిన దానిని వెనక్కు తీసుకోవడం
అభిమంత్రించు = మంత్రశక్తిని ఆవహింపజేయు
పర్యవసానం = చివరి ఫలితం
పరాకాష్ఠ = అత్యున్నత స్థితి
పరారుణ కాంతి = ఎరుపు రంగుకు అవతల ఉండి కంటికి కనిపించని కాంతి
నిర్వీర్యం చేయు = శక్తి లేకుండా చేయు
అపసవ్యం = సరైన తీరుకు విరుద్ధమైనది
విచక్షణ = మంచిచెడులను వేరుచేసి చూసే తెలివి

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. వెండితెరపై కనిపించే కాంతి ఆయుధాలకు, వాస్తవ లేజర్ ఆయుధాలకు గల భేదాలను వివరించండి.
2. ‘మీట దగ్గర మనిషి కూర్చోవడం మాత్రమే చాలదు’ – పాఠ్యాంశంలోని సంఘటనల ఆధారంగా సమర్థించండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. అణ్వాయుధం విషయంలో లియో సిలార్డ్ పాత్రను తెలపండి.
2. ఉక్కుకవచం వాస్తవంలో ఎందుకు సాధ్యపడలేదు?
3. ‘వార్‌గేమ్స్’ చిత్రం అమెరికా రక్షణ విధానాన్ని ఎలా ప్రభావితం చేసింది?
4. పెట్రోవ్ ఏ ఆలోచనతో హెచ్చరికను తోసిపుచ్చాడు?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. అశ్వత్థామకు తెలియనిది ఏమిటి?
2. వి-2 రాకెట్ మీద ఏ చిత్రం గుర్తును చిత్రించారు?
3. లేజర్ ఆయుధ ప్రదర్శన 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడ జరిగింది?
4. కళ్ళు పోగొట్టే లేజర్ ఆయుధాలను నిషేధించిన ఒప్పందం ఏ సంవత్సరంలో కుదిరింది?

IV. సంధులు
మహాస్త్రం = మహా + అస్త్రం – సవర్ణదీర్ఘ సంధి
కృష్ణార్జునులు = కృష్ణ + అర్జునులు – సవర్ణదీర్ఘ సంధి
అత్యాధునికం = అతి + ఆధునికం – యణాదేశ సంధి
అణ్వాయుధం = అణు + ఆయుధం – యణాదేశ సంధి

V. సమాసాలు
కృష్ణార్జునులు – కృష్ణుడును, అర్జునుడును – ద్వంద్వ సమాసం
ఉక్కుకవచం – ఉక్కుతో చేయబడిన కవచం – తృతీయా తత్పురుష సమాసం
పాండవ శిబిరం – పాండవుల యొక్క శిబిరం – షష్ఠీ తత్పురుష సమాసం
అయిదు క్షిపణులు – అయిదు సంఖ్య గల క్షిపణులు – ద్విగు సమాసం